విరామం లేని సర్వీసు

గోనెసంచుల నాణ్యతా మండలి అనే కార్యాలయం ఒకటి తమ ఊళ్ళో ఉందని ఏలూరులో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు సంచుల వ్యాపారులూ, మిల్లు గుమాస్తాలూ. తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో అని వాళ్ళ బాధ. ధాన్యం కొనుగోలుకి వాడే ప్రతి గోనెసంచీ మీదా ఈ మండలి నంబరు ముద్ర పడాలి. పడకపోతే అది ఎంత గట్టి సంచీ అయినా సంచీ కిందికి రాదు. ముద్ర వేసేముందు సంచీని ఎత్తి వెలుతురుకేసి చూస్తారు. కన్నంలోంచి అవతలి మనిషి కనిపిస్తే సంచీ పనికిరాదు. అవతలి మనిషి ఎవరో గుర్తుపట్టాక ఒక్కోసారి మళ్ళీ పనికొస్తుంది. ముద్ర నంబర్లన్నీ కంప్యూటర్లో ఉంటాయి.

ఆ కంప్యూటర్ల పనంతా ముత్యాలరావు చేస్తాడు. పదకొండేళ్ళుగా చేస్తున్నాడు గాని అతను ఉద్యోగి కాడు, కాంట్రాక్టు మనిషి. ఏటా మార్చి ఆఖరి రోజు సాయంత్రం అతన్ని విధుల నుంచి తప్పిస్తారు. ఏప్రిల్ ఒకటో తారీఖు ఖాళీ వదిలి, రెండో తారీఖు పొద్దున మళ్ళీ చేర్చుకుంటారు. ఏడాది నిండా విరామం లేకుండా పనిచేసినవాడు పర్మనెంటు చెయ్యమని కోర్టుకెక్కుతాడని పెద్దలు ముందుచూపుతో చేసిన ఏర్పాటు ఇది. తమాషా ఏమిటంటే ఆ ఒకటో తారీఖున కూడా ముత్యాలరావు ఆఫీసుకి రావాలి. కొత్త సంవత్సరం లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించకపోతే డైరెక్టరుగారి కారుకి పెట్రోలు బిల్లు పాసు కాదు. కనక వస్తాడు, పొద్దుగూకేదాకా పనిచేస్తాడు, హాజరుపట్టీలో సంతకం మాత్రం పెట్టడు. సంతకం లేదు కాబట్టి ఆ రోజు అతను రాలేదని లెక్క.

అయితే హాజరుపట్టీలో జాగ్రత్తపడ్డ పెద్దలు కంప్యూటర్ సంగతి మర్చిపోయారు. ఎవరి పాస్‌వర్డుతో ఏ పూట తనని తెరిచారో అది ఎవరూ అడక్కుండానే లాగ్‌లో రాసిపెట్టుకుంటుంది. ప్రతి ఏప్రిల్ ఒకటినా అందులో ముత్యాలరావు పేరుంది. ఆ లాగ్ చూపిస్తే విరామాన్ని మాఫీ చేయించి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ పోస్టులో అతన్ని పర్మనెంటు చేయించొచ్చని సూపరింటెండెంటు శేషావతారం ఒకసారి, ఎవరి కూతురి పెళ్ళి భోజనమో తిని వచ్చిన సంతోషంలో, నోరు జారాడు. అప్పటినుంచి ముత్యాలరావు ఇంట్లో అతని భార్య రత్నమాల ఏ మాట మొదలెట్టినా ‘పర్మనెంటయ్యాక’ అనే మొదలెడుతుంది. అతనికి వయోపరిమితి దాటడానికి రెండేళ్ళుంది. ఫైలు శేషావతారం బల్ల మీద ఉంది.

పరిస్థితి ఇలా ఉండగా, జూన్ నెల రెండో బుధవారం నాడు డైరెక్టర్ మృత్యుంజయరావుగారు రాజధానిలోని పెద్ద సెక్రటరీగారితో వీడియోలో మాట్లాడుతున్నారు. మా మండలిలో ఏ క్షణంలోనూ పని ఆగదని ఆయన వివరిస్తూండగా తెర నీలంగా మారింది. దాని మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. భద్రతా అప్‌డేట్ జరుగుతోందట, దయచేసి వేచి ఉండాలట, కంప్యూటర్ ఆపకూడదట. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన వేలమందిని వేచి ఉండమన్నారు. ఆయన్ని వేచి ఉండమన్న మొదటి ప్రాణి ఇదే. అది కూడా ప్రాణి కాదని తెలిసేసరికి ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ముత్యాలరావుని గదిలోకి పిలిపించారు. అతను వినయంగా వివరించాడు. ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన కంపెనీవాళ్ళు అందులో దొంగలు దూరే కన్నాలు ఎక్కడున్నాయో ఎప్పటికప్పుడు వెతుకుతారని, వాటిని పూడ్చే సరుకుని నెలనెలా పంపుతారని, మనం సంచీకి మాసిక వేసినట్టే అది కంప్యూటర్‌కి మాసిక వేస్తుందని చెప్పాడు. డైరెక్టరుగారు మిగతాదంతా వదిలేసి కన్నాల దగ్గర ఆగారు. మన ఆఫీసులో కన్నాలున్నాయని చెప్పడానికి ఆ కంపెనీ ఎవరని అడిగారు.

శేషావతారం అప్పటిదాకా గోడవారగా నిలబడి వింటున్నాడు. సర్వీసు రూల్సు ఆయనకి కంఠోపాఠం. సర్వీసు రూల్సుకి లొంగని పదార్థం లోకంలో ఉందంటే ఆయన నమ్మడు.

“సార్, ఇది బయటినుంచి వస్తుంది” అన్నాడు శేషావతారం. “లోపల చేరుతుంది. చేరాక వెళ్ళదు. ఏం పని చేస్తోందో ఎవరికీ తెలియదు. రూల్సు ప్రకారం ఇలాంటిదాన్ని ఉద్యోగి అంటారు సార్. పూర్వాపరాలు విచారించకుండా ఉద్యోగిని ఎలా చేర్చుకున్నామని రేపు ఆడిట్‌వారు అడిగితే మన దగ్గర జవాబు లేదు.”

డైరెక్టరుగారి ముఖం విప్పారింది. తనని అవమానించింది యంత్రం కాదని, కింది ఉద్యోగి అని తెలిశాక ఆయనకి ఏం చెయ్యాలో కూడా తెలిసింది. ప్రతి అప్‌డేట్‌నీ కొత్తగా నియమితుడైన ఉద్యోగితో సమానంగా పరిగణించి తగు విధానం రూపొందించవలసినదిగా అక్కడికక్కడే ఆదేశించారు. రూపొందించే పని శేషావతారానికి పడింది. శేషావతారం దాన్ని ముత్యాలరావుకి అప్పగించాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ అరగంటలో అన్ని కంప్యూటర్లకీ అప్‌డేట్ వేసి, ఒకసారి ఆపి తెరిస్తే సరిపోయేదానికి విధానం దేనికని ముత్యాలరావుకి తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల మీద తన ఫైలు కనిపించి మింగేశాడు. పైగా విధానం రాస్తూండగా అతనికి ఒక ఆలోచన తట్టింది. పద్నాలుగో నిబంధన కింద ఇలా రాశాడు: ‘బయటినుంచి వచ్చి కార్యాలయమునందు చేరిన వ్యక్తి గాని, వస్తువు గాని, మరే ఇతరము గాని, ఒక సంవత్సరము నిండా విరామము లేకుండా కొనసాగిన యెడల, అట్టివారిని ఖాళీగా ఉన్న పోస్టునందు క్రమబద్ధీకరించవలెను.’ వస్తువులు డైరెక్టరుగారి కోసం, వ్యక్తి తన కోసం. లాగ్ చూపించి ఏప్రిల్ ఒకటి మాఫీ చేయించుకుంటే ఈ నిబంధన తనకి అతికినట్టు సరిపోతుంది. డైరెక్టరుగారు చదవకుండా సంతకం పెట్టారు. ఆ సాయంత్రం ముత్యాలరావు ఇంటికి మల్లెపూలు పట్టుకెళ్ళాడు.

జూన్ అప్‌డేట్ మీద విచారణకి పోలీసుస్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. ఫారంలో స్వగ్రామం దగ్గర ఏం రాయాలో తెలియక ముత్యాలరావు ‘విదేశం’ అని రాశాడు. తండ్రి పేరు దగ్గర ‘మే నెల అప్‌డేట్’ అని రాశాడు. హెడ్ కానిస్టేబుల్‌కి దేనిమీదా అనుమానం రాలేదు. ఇరుగుపొరుగుని విచారించాలి గనక పక్క కంప్యూటర్ దగ్గర కాసేపు నిలబడ్డాడు. స్థానికంగా కేసులేవీ లేవని, ప్రవర్తన సంతృప్తికరమని రాసిచ్చి, టీ తాగి వెళ్ళాడు. ఆ కాగితం స్టేషన్ నుంచి మండలికి రావడానికి మూడు నెలలు పట్టింది.

ఈలోగా జూలైదీ ఆగస్టుదీ సెప్టెంబరుదీ వచ్చి నిలబడ్డాయి. ముత్యాలరావుకి భయం వేసింది. కొత్తగా వచ్చినదానిలో పాతవన్నీ కలిసే ఉంటాయని, సెప్టెంబరుది ఒక్కటి వేసేస్తే చాలని శేషావతారం చెవిలో వేశాడు.

“నిన్నగాక మొన్న వచ్చినవాడు సీనియర్లందరూ నాలోనే ఉన్నారంటే నమ్మేస్తావా?” అన్నాడు శేషావతారం. “జూనియర్‌ని ముందు చేర్చుకుంటే సీనియర్ ట్రిబ్యునల్‌కి వెళతాడు. అప్పుడు ఎవరు చెప్పుకుంటారు, నువ్వా నేనా?”

సీనియారిటీ జాబితా టైపు చేయించి నోటీసుబోర్డు మీద అంటించారు. అభ్యంతరాలుంటే నెలలోగా తెలుపుకోవాలన్నారు. ఏ అప్‌డేటూ అభ్యంతరం తెలుపుకోలేదు. దాంతో జాబితా ఖరారైంది. మొదటి స్థానంలో ఉన్న జూన్ అప్‌డేట్‌ని స్టోరుగదిలో, ఎలుకలు కొరికిన సంచుల మధ్య ఉన్న పాత కంప్యూటర్‌లో ప్రొబేషన్ మీద చేర్చుకున్నారు.

చేరిన గంటకే అది రీస్టార్ట్ చెయ్యమని అడిగింది. ఇదొక పెద్ద చర్చ అయింది. రీస్టార్ట్ అంటే యంత్రం విధుల నుంచి తప్పుకుని మళ్ళీ చేరడమే కదా అని శేషావతారం తీర్మానించాడు. అలా తప్పుకుంటే ఉత్తర్వు కావాలి, చేరేటప్పుడు చేరిక నివేదిక కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా అది సర్వీసులో విరామం అవుతుంది. ముత్యాలరావు తలవంచుకుని ఇదంతా రాసుకున్నాడు. యంత్రాలకి విరామం వస్తే వాటి భవిష్యత్తు ఏమవుతుందోనని ఆ గదిలో అందరూ నిజంగా బాధపడ్డారు. చివరికి మండలిలో ఏ కంప్యూటర్‌నీ ఏ కారణంతోనూ ఆపరాదని, రీస్టార్ట్ చేయరాదని ఉత్తర్వు వెలువడింది. స్టోరుగదిలో అది రోజూ తెర మూలన గుర్తుచేస్తూనే ఉంది. పదేపదే గుర్తుచెయ్యడం సిఫార్సు కిందికి వస్తుందని, సిఫార్సు చేయించుకునే అభ్యర్థి అనర్హుడని శేషావతారం దాని ప్రొబేషన్‌ని పొడిగించాడు.

ఆ దసరా సెలవుల్లో మండలి కంప్యూటర్లలోకి ఒకటి దూరింది. జూన్ అప్‌డేట్ ఏ కన్నాన్ని పూడ్చాలో ఆ కన్నంలోంచే దూరింది. దానికి పోలీసు విచారణ జరగలేదు, సీనియారిటీ జాబితాలో పేరు లేదు, రీస్టార్ట్ కూడా అడగలేదు. వచ్చి, ఒక మూల కూర్చుని, ఏ పనీ చెయ్యకుండా ఊరుకుంది. మిగతా సిబ్బందిలో కలిసిపోయింది గనక ఎవరూ దాన్ని గమనించలేదు.

మండలికి ఆ తరవాత మంచిరోజులు వచ్చాయి. నెలల తరబడి ఒక్క కంప్యూటర్ కూడా ఆగలేదన్న వార్త రాజధానికి చేరింది. ‘నిరంతరాయ కార్యాలయం’ అని దానికి పేరు పెట్టారు. మిగతా శాఖలవాళ్ళకి పూనకం వచ్చినట్టయింది. బస్సులు వేసుకుని అధికారులు అధ్యయనానికి వచ్చారు. స్టోరుగదిలోని జూన్ అప్‌డేట్‌ని చూపించి, ఇదిగో ఇక్కడే ఆపాం అని శేషావతారం గర్వంగా చెప్పేవాడు. వచ్చినవాళ్ళు తమ ఆఫీసుల్లో కూడా హెడ్ కానిస్టేబుళ్ళని రప్పిస్తామని రాసుకుని వెళ్ళారు. సైబర్ భద్రతలో ఉత్తమ కార్యాలయంగా మండలికి ఒక జ్ఞాపిక, డైరెక్టరుగారికి ఒక శాలువా వచ్చాయి. ఆ సభలో డైరెక్టరుగారు ముత్యాలరావు పేరు ఎత్తారు. ఈ కుర్రవాడి ఫైలు త్వరలోనే కదుపుతామన్నారు. నలభై మూడేళ్ళ కుర్రవాడు లేచి నమస్కారం పెట్టాడు. ఏప్రిల్ ఒకటిన ఎప్పట్లాగే సంతకం లేకుండా వచ్చి పనిచేశాడు. ఫైలు అక్కడే ఉంది.

మరుసటి ఖరీఫ్ కోతలు మొదలైన నవంబరులో, ఒక సోమవారం పొద్దున ముత్యాలరావు కంప్యూటర్ తెరిచి చూస్తే ఫైళ్ళన్నిటి పేర్లూ మారిపోయి ఉన్నాయి. ఏదీ తెరుచుకోలేదు. తెర మీద ఇంగ్లీషులో ఒక సందేశం ఉంది. మీ రికార్డులన్నిటికీ తాళం వేశామని, కిందటేడు దసరా నుంచి మీ దగ్గరే ఉన్నామని, ఫలానా తేదీలోగా అడిగిన సొమ్ము పంపితే తాళంచెవి ఇస్తామని, మాట్లాడదలుచుకుంటే కింది గడిలో రాయమని ఉంది. ముత్యాలరావు ముద్ర నంబర్ల కోసం చూడలేదు. జీతాల బిల్లుల కోసం చూడలేదు. లాగ్ కోసం వెతికాడు. దానికీ తాళం పడింది. పన్నెండు ఏప్రిల్ ఒకట్లు పోయాయి. అతనికి ఏడుపొచ్చింది, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి వచ్చాడు.

శేషావతారం ఆ సందేశాన్ని తెలుగులో చెప్పించుకుని రెండుసార్లు విన్నాడు. వినతి క్లుప్తంగా ఉంది, గడువు తేదీ ఉంది, జవాబు ఎక్కడికి పంపాలో ఉంది. మన సెక్షన్లలో ఇంత శుభ్రంగా నోట్ పెట్టేవాడు ఒక్కడూ లేడని మెచ్చుకున్నాడు. శనాదివారాలు రెండు రోజుల్లో కార్యాలయంలోని ప్రతి ఫైలునీ ముట్టుకున్నవాడు మండలి పుట్టాక ఇతనేనని కూడా అన్నాడు. సొమ్ము చెల్లించే విషయంలో మాత్రం రూల్సు ఒప్పుకోలేదు. టెండరు పిలవకుండా ఒకే దొంగకి ఎలా ఇస్తారు? మరో ఇద్దరు దొంగల దగ్గర కూడా కొటేషన్లు తెప్పించమని డైరెక్టరుగారు రాశారు. ప్రకటన ఇచ్చినా ఎవరూ ముందుకు రాలేదు.

అవతల మార్కెట్ యార్డులో ధాన్యం కుప్పలు పెరిగిపోయాయి. ముద్ర నంబరు లేని సంచీలో ధాన్యం పొయ్యకూడదు. సంచులు మాత్రం మండలి వరండాలో కట్టలు కట్టలుగా పడున్నాయి. తుపాను వానలు రెండు రోజులు కురిశాయి. మొలకెత్తిన గింజలు దోసిట్లో పట్టుకుని రైతులు మండలి గేటు దగ్గరికి వస్తే, వినతిపత్రం కంప్యూటర్‌లో నమోదైతేగాని తీసుకోవడం కుదరదని వాచ్‌మన్ చెప్పి పంపేశాడు.

రాజధాని నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. అవార్డు తీసుకున్న కార్యాలయంలోకి అక్రమంగా చొరబడిన శక్తి ఏది, దానికి బాధ్యులెవరు, రికార్డులు ఎవరిపాలయ్యాయి అని అడిగారు. డైరెక్టరుగారికి అన్నం సయించలేదు. ముగ్గురూ గదిలో కూర్చున్నారు. శేషావతారం విధానం కాగితాలు తిరగేస్తూ పద్నాలుగో నిబంధన దగ్గర ఆగాడు.

“సార్, అక్రమ ప్రవేశం అంటే విచారణ. సక్రమ ప్రవేశం అంటే నియామకం” అన్నాడు శేషావతారం. “కిందటేడు దసరా నుంచి ఇక్కడే ఉన్నానని అది స్వయంగా రాసిచ్చింది. మనం ఒక్క కంప్యూటర్‌నీ ఆపలేదు, కాబట్టి దానికి ఒక్కరోజు విరామం లేదు. సంవత్సరం నిండింది. వ్యక్తి గాని వస్తువు గాని మరే ఇతరము గాని అని మీ సంతకంతో ఉంది. క్రమబద్ధీకరించేస్తే రికార్డులు దొంగపాలైనట్టు కాదు సార్. మన రెగ్యులర్ ఉద్యోగి అధీనంలో భద్రంగా ఉన్నట్టు.”

డైరెక్టరుగారు లేచి శేషావతారం చేతులు పట్టుకున్నారు.

“ఆ పోస్టు ఒక్కటే ఉందండి” అన్నాడు ముత్యాలరావు. “నా ఫైలండి, అదే పోస్టుకండి.”

శేషావతారం జాలిగానే చూశాడు. నీ సర్వీసులో ఏటా విరామం ఉందని, ఏప్రిల్ ఒకటిన నువ్వు పనిచేసినట్టు లాగ్ తెస్తే ఇప్పుడైనా పరిశీలిస్తానని అన్నాడు. లాగ్ ఆ కొత్త ఉద్యోగి తాళం కిందే ఉందని ముత్యాలరావు చెప్పాడు. అయితే వారినే అడగాలని శేషావతారం అన్నాడు. అప్పుడే ఆయన దాన్ని ‘వారు’ అనడం మొదలుపెట్టాడు.

కంప్యూటర్లు పనిచెయ్యవు గనక నియామకం ఉత్తర్వు పాత టైపు మిషను మీద కొట్టారు. కొట్టింది ముత్యాలరావే. అడిగిన సొమ్ము విషయం జీతభత్యాల కింద వేరుగా పరిశీలించబడును అని కూడా కొట్టాడు. రాజధానివాళ్ళు సంజాయిషీతో తృప్తిపడ్డారు. ఒక్క రికార్డు కూడా కార్యాలయం దాటి పోనందుకు అభినందనలు తెలిపారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి విన్న రత్నమాల కంచం పక్కకి జరిపింది.

“ఆ దొంగముండాకొడుక్కి ఉన్నదేంటండి, మీకు లేనిదేంటండి?” అంది.

“ఏప్రిల్ ఒకటో తారీఖు” అన్నాడు ముత్యాలరావు.

ఆమె మరి ఆ ఇంట్లో ‘పర్మనెంటయ్యాక’ అన్న మాట వాడలేదు.

ఉత్తర్వుని ఉద్యోగికి అందజేసి రసీదు తీసుకోవాలి. శేషావతారం ఆ పని కూడా ముత్యాలరావుకే చెప్పాడు. అతను తెర మీది గడిలో ఉత్తర్వుని ఇంగ్లీషు చేసి రాశాడు. మిమ్మల్ని ఫలానా పోస్టులో క్రమబద్ధీకరించడమైనదని, ఇందుమూలముగా అభినందించడమైనదని రాశాడు. అవతలివాళ్ళు ఒక పూటంతా జవాబివ్వలేదు. ఇదేదో పోలీసుల ఎత్తు అనుకుని ఉంటారు. చివరికి జవాబు వచ్చింది. మేం చాలా దేశాల్లో చాలా ఆఫీసులకి తాళాలు వేశాం, మమ్మల్ని తిట్టినవాళ్ళున్నారు, బతిమాలినవాళ్ళున్నారు, ఉద్యోగం ఇచ్చినవాళ్ళు లేరు, ఇంతకీ ఇది రాస్తున్నది ఎవరు, నీకేం కావాలి అని అడిగారు.

ఆ ఆఫీసులో నీకేం కావాలని ముత్యాలరావుని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అతను ముందు తన పేరు రాశాడు. ఏప్రిల్ ఒకటో తారీఖుల కథంతా రాశాడు, ఇంగ్లీషు తప్పులు చూసుకోకుండా రాశాడు. నాకు లాగ్ ఒక్కటి తెరిచిస్తే చాలు అన్నాడు.

టీ చల్లారేలోపు లాగ్ తెరుచుకుంది. అన్ని ఏళ్ళూ ఉన్నాయి. ప్రతి ఏప్రిల్ ఒకటినా పొద్దున తొమ్మిదికి ముందే అతని పేరుంది. సొమ్ము అడగలేదు, షరతు పెట్టలేదు. కింద ఒక్క వాక్యం రాశారు: “మాకంటే నీ ఆఫీసువాళ్ళే పెద్ద దొంగలు.”

ముత్యాలరావు ఆ కాగితాలు ప్రింటు తీసుకుని పరుగున శేషావతారం దగ్గరికి వెళ్ళాడు. శేషావతారం కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేజీ చూశాడు. రికార్డు సరైనదేనని, రెగ్యులర్ ఉద్యోగి అధీనంలోంచి వచ్చింది గనక చెల్లుతుందని ఒప్పుకున్నాడు. ముత్యాలరావుకి ప్రాణం లేచొచ్చింది.

“అయితే ఇది నీకెలా వచ్చింది?” అన్నాడు శేషావతారం.

ఉన్నమాట చెప్పాడు ముత్యాలరావు.

శేషావతారం కాగితాలు మూసి పక్కన పెట్టాడు. ఆయన ముఖంలో నిజమైన బాధే కనిపించింది. కాంట్రాక్టు మనిషి ఒక రెగ్యులర్ ఉద్యోగితో సూపరింటెండెంటు ద్వారా కాకుండా నేరుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరపడం క్రమశిక్షణారాహిత్యమని చెప్పాడు. అందులోనూ తన వ్యక్తిగత ప్రయోజనం కోసం ఆ ఉద్యోగిమీద ఒత్తిడి తెచ్చినట్టు రాతపూర్వకంగా దొరికిపోయాడు. కార్యాలయం గురించి వారు వెలిబుచ్చిన అభిప్రాయం కూడా ఈ ఒత్తిడి ఫలితమే అయివుంటుందన్నాడు. మెమో ఇచ్చారు. మెమోకి జవాబు ఇచ్చాడు. జవాబు సంతృప్తికరంగా లేదన్నారు. మార్చి ఆఖరి రోజు సాయంత్రం ఎప్పట్లాగే అతన్ని విధుల నుంచి తప్పించారు. ఈసారి ఏప్రిల్ రెండున చేర్చుకోవడానికి ఉత్తర్వు లేదని ముందే చెప్పేశారు. మే నెలకి వయసు కూడా మీరిపోతుంది.

ఏప్రిల్ ఒకటిన ముత్యాలరావు ఆఫీసుకి వచ్చాడు. పనిచెయ్యడానికి కాదు. డ్రాయరులో అతని క్యారేజీ గిన్నె, కుర్చీలో వేసుకునే దిండు మిగిలిపోయాయి. అవి తీసుకుంటుంటే శేషావతారం గాభరాగా వచ్చాడు. తెర మీద వారు ఏదో ఇంగ్లీషులో అడుగుతున్నారని, పొద్దున్నుంచి మూడుసార్లు అడిగారని, ఒక్క ముక్క చూసి పెట్టమని అన్నాడు. ఏళ్ళ తరబడి అలవాటు, ముత్యాలరావు దిండు చంకలో పెట్టుకుని కూర్చున్నాడు.

ముత్యాలరావు ఎక్కడ, అతనికి ఉద్యోగం ఇచ్చారా అని అడుగుతున్నారు. అతను అది తెలుగులో చదివి వినిపించాడు.

శేషావతారం చేతులు వెనక్కి కట్టుకుని జవాబు చెప్పసాగాడు. ముత్యాలరావు ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చి టైపు చేశాడు.

“మీ లేఖకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, అట్టి పేరు గల ఉద్యోగి ఎవరూ ఈ కార్యాలయమునందు ఎన్నడూ పనిచేసి ఉండలేదని రికార్డుల ద్వారా తెలియవచ్చుచున్నది.”

అక్షరదోషాలు లేవని చూసుకుని ముత్యాలరావు పంపేశాడు. లేచి, క్యారేజీ తీసుకుని, శేషావతారానికి నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. వరండాలో ముద్ర పడని సంచుల కట్టలు దాటుకుని గేటు దగ్గరికి చేరేసరికి, వెనక గదిలో తెర మీద జవాబు వచ్చింది. చిన్న జవాబే. శేషావతారం కూడా కూడబలుక్కుని చదవగలిగాడు.

“మరి ఇది టైపు చేసింది ఎవరు?”

దీనికేం రాయాలో చెప్పడానికి శేషావతారం కుర్చీవైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది.